కొరియా ఆడవాళ్ల సిగరెట్ అలవాటు: లెక్కల్లో ఎందుకు కనిపించదు, అసలు ఎందుకు మొదలవుతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సియోల్‌లో ఎమ్మెస్ చదువుతున్నారు. గదిలో ఉండే కొరియా అమ్మాయి రాత్రిళ్లు బాల్కనీ తలుపు మూసుకుని సిగరెట్ తాగుతుంది. వాళ్లమ్మ వస్తోందంటే పెట్టె తీసి మీ బీరువాలో పెట్టమంటుంది. ప్రభుత్వ లెక్కల్లో చూస్తే సిగరెట్ తాగే ఆడవాళ్లు నూటికి ఆరుగురు కూడా సరిగా లేరు. మీకేమో యూనివర్సిటీ వెనక సందులో, ఆఫీసుల పక్కన రోజూ గుంపులుగా కనిపిస్తున్నారు. ఏది నిజం, ఎందుకు తాగుతున్నారు, ఈ అమ్మాయి మానేయడానికి మీరేం చేయగలరు అని అడిగారు.

సిగరెట్ మాన్పించే వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అందులో కొన్నేళ్లు కొరియాలోనే పనిచేశాను. తెలిసినంతవరకు వివరంగా చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు లెక్కల సంగతి. కొరియాలో జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే అని ఒకటి 1998 నుంచి జరుగుతోంది. మొదటి సర్వేలో సిగరెట్ తాగుతున్నామని చెప్పిన మగవాళ్లు 66.3 శాతం, ఆడవాళ్లు 6.5 శాతం. 2022కి వచ్చేసరికి మగవాళ్లు 30 శాతానికి దిగారు, ఆడవాళ్లు 5 శాతం. అంటే మగవాళ్లలో సగానికి సగం పైగా తగ్గింది. ఆడవాళ్ల సంఖ్య మాత్రం ఐదుకీ ఏడున్నరకీ మధ్య పైకీ కిందకీ ఊగుతూ పాతికేళ్లుగా ఇంచుమించు అక్కడే ఉంది. ధర పెంచినా, పెట్టె మీద భయంకరమైన బొమ్మలు వేసినా ఆ గీత పెద్దగా కదల్లేదు. ఇంత కాలం కదలని అంకె కనబడితే నాలాంటివాళ్లకి మొదట వచ్చే అనుమానం, కొలిచే పద్ధతి మీదే.

కొరియా పరిశోధకులకీ అదే అనుమానం వచ్చింది. మన ఒంట్లోకి వెళ్లిన నికోటిన్‌ని కాలేయం కొటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. నికోటిన్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది గానీ కొటినిన్ రోజుల తరబడి మూత్రంలో కనిపిస్తూనే ఉంటుంది. పక్కవాళ్ల పొగ పీల్చితే వచ్చేది సాధారణంగా చాలా తక్కువ, తాగేవాళ్లలో ఉండేది చాలా ఎక్కువ, కాబట్టి ఒక హద్దు పెట్టి ఇద్దరినీ వేరు చేయొచ్చు. ఆ సర్వేలోనే 2008లో సేకరించిన మూత్రం నమూనాలను పరీక్షించి, 2012లో టొబాకో కంట్రోల్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. నోటితో చెప్పిన లెక్క ప్రకారం తాగే ఆడవాళ్లు 5.9 శాతం. మూత్రం చెప్పిన లెక్క 13.9 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ. మగవాళ్లలో ఈ రెండింటికీ తేడా స్వల్పం. గర్భిణుల మీద జరిగిన మరో అధ్యయనంలో నోటిమాటకీ పరీక్షకీ తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది.

కాబట్టి మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. సర్వేకి జవాబిచ్చేటప్పుడు భర్తకో అత్తగారికో, పక్కింటావిడకో తెలుస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఆ మాటకొస్తే ఎవరూ లేకపోయినా, ప్రభుత్వ కాగితం మీద తన పేరు పక్కన ఆ టిక్కు పడటం చాలామందికి ఇష్టం ఉండదు. అబద్ధం చెప్పారని వాళ్లని అనడం అన్యాయం. నిజం చెబితే పోయేది ఎక్కువ, వచ్చేది ఏమీ లేదు. అలాంటి చోట ఎవరైనా చేసేది అదే.

ఇక్కడ చాలామంది "పాతకాలం నుంచీ కొరియా ఆడవాళ్లు తాగరు, ఈ మధ్య పాశ్చాత్య మోజులో మొదలెట్టారు" అంటారు. చరిత్ర అలా లేదు. పదిహేడో శతాబ్దం మొదట్లో జపాన్ మీదుగా పొగాకు కొరియాలోకి వచ్చింది. 1653లో జేజు దీవి దగ్గర ఓడ పగిలి ఒడ్డుకు చేరిన హెండ్రిక్ హామెల్ అనే డచ్చివాడు పదమూడేళ్లు ఆ దేశంలో ఉండిపోయాడు. అక్కడ ఆడవాళ్లూ, నాలుగైదేళ్ల పిల్లలూ కూడా పొగ తాగుతున్నారని అతను తన వృత్తాంతంలో రాసుకున్నాడు. షిన్ యున్‌బోక్ గీసిన బొమ్మల్లో గీసెంగులు, అంటే రాజుల కాలపు ఆటపాటల స్త్రీలు, బారెడు పొడుగు గొట్టాలతో పొగ తాగుతూ కనిపిస్తారు. పెద్దింటి ముసలమ్మలూ తాగేవారు.

మర్యాద అనేది ఆడ మగ తేడా మీద కన్నా ముందు వయసు మీద, హోదా మీద నిలబడింది. పెద్దవాళ్ల ఎదుట చిన్నవాళ్లు తాగకూడదు, అధికారి ఎదుట కిందివాడు తాగకూడదు. ఇప్పటికీ చాలా ఇళ్లలో నలభై ఏళ్ల కొడుకు తండ్రి ఎదుట సిగరెట్ ముట్టించడు. ఆ వరుసలో కోడలి చోటు అందరికన్నా కింద. కాబట్టి ఆమె తాగగలిగే చోటే ఇంట్లో ఉండదు. అదే కోడలు అరవై దాటి అత్తగారై కూర్చుంటే అడిగే దిక్కుండదు. 1990ల దాకా సర్వేల్లో తాగే ఆడవాళ్ల శాతం ఎక్కువగా ముసలివాళ్లలోనే ఉండేది. ఎందుకు మొదలెట్టావు హల్మొనీ అని, అంటే నాయనమ్మా అని అడిగితే వాళ్లు చెప్పే కారణాలు రెండే రెండు: కడుపులో నులిపురుగుల నొప్పికి పొగ మందని ఎవరో చెప్పారు, లేదంటే మొగుడో బిడ్డో పోయిన దుఃఖంలో ఎవరో చేతికిచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో అడ్డపొగ, అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ముసలమ్మల్ని చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. పంటి నొప్పికనో, చలికనో మొదలెట్టామనే చెబుతారు వాళ్లూ.

మరి సిగరెట్ మగవాడి వస్తువుగా ఎప్పుడు స్థిరపడింది? 1907లో జపాన్‌కి ఉన్న అప్పు తీర్చేయాలని తేగు పట్టణంలో ఒక ఉద్యమం మొదలైంది. మగవాళ్లు మూడు నెలలు పొగాకు మానేసి ఆ డబ్బు ఇవ్వాలన్నది పిలుపు. ఆడవాళ్లు తమ నగలు తెచ్చి ఇచ్చారు. పొగాకు ఖర్చంటే మగవాడి ఖర్చే అన్న లెక్క అప్పటికే ఉందని నాకు అందులో కనిపిస్తుంది. ఆ తర్వాత సైన్యం వచ్చింది. 1949 నుంచి 1981 దాకా హ్వారాంగ్ అనే సిగరెట్‌ని సైనికులకి సరుకుల్లో భాగంగా ఇచ్చారు. ప్రతి మగవాడూ సైన్యంలో పనిచేయాల్సిన దేశం అది. సైన్యం నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి మందు బల్ల దగ్గరికీ సిగరెట్ వాళ్లతోనే నడిచింది. అలా అది మగతనానికి గుర్తు అయిపోయాక, అదే పని ఆడది చేస్తే చెడిపోయినదన్న ముద్ర పడింది. వీధిలో సిగరెట్ తాగుతున్న అమ్మాయిని ముక్కూమొహం తెలియని పెద్దమనిషి తిట్టడం, చెంప మీద కొట్టడం లాంటివి ఒక తరం కిందటి దాకా జరిగాయి. యాభై దాటిన ఆడవాళ్లు ఇప్పటికీ అవి గుర్తు చేసుకుంటారు.

1988లో అమెరికా వాణిజ్య ఒత్తిడితో కొరియా తన సిగరెట్ మార్కెట్ తెరిచింది. అంతవరకు అది ప్రభుత్వ గుత్త వ్యాపారం. విదేశీ కంపెనీల ప్రకటనలు వచ్చిన ఏడాదిలో టీనేజీ అమ్మాయిల్లో తాగేవాళ్లు 1.6 నుంచి 8.7 శాతానికి పెరిగారన్నది ప్రజారోగ్యం చదివేవాళ్లకి బాగా పరిచయమున్న లెక్క. దాని మీద కొరియాలో గట్టి వ్యతిరేకత వచ్చింది. ఆడవాళ్ల పత్రికల్లో, కుర్రకారు పత్రికల్లో సిగరెట్ ప్రకటనలు వేయకూడదని చట్టమే ఉంది. 1996లో పాత ప్రభుత్వ సంస్థ, ఇప్పటి కేటీ అండ్ జీ, ఎస్సే అనే సన్న సిగరెట్ తెచ్చింది. సన్న సిగరెట్ అనగానే అది ఆడవాళ్లదే అనుకుంటాం గానీ, కొరియాలో ఎస్సే తాగే మధ్యవయసు మగవాళ్లు బోలెడు మంది. అందుకే "కంపెనీలు సన్న సిగరెట్లు చూపించి అమ్మాయిల్ని పాడుచేశాయి" అన్న కథ ఒక్కటే పట్టుకుంటే ఎక్కువ దూరం వెళ్లలేం.

నా దృష్టిలో అసలు విషయం పనిలో ఉంది. సియోల్ నైరుతిలో గూరో అనే ప్రాంతం ఉంది, మీరు మెట్రోలో దాటే ఉంటారు. 1960ల నుంచి 80ల దాకా అక్కడ బట్టల మిల్లులు, విగ్గుల ఫ్యాక్టరీలు. పల్లెల నుంచి వచ్చిన పదిహేను పదహారేళ్ల ఆడపిల్లలు రాత్రింబవళ్లు కుట్టు మిషన్ల మీద పనిచేశారు. ఇప్పుడు అదే చోట అద్దాల భవనాలు, డిజిటల్ కాంప్లెక్స్ అంటారు. వాటిలో అంతస్తులకి అంతస్తులు కాల్ సెంటర్లు. పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 2020 మార్చిలో కోవిడ్ పాకిన కాల్ సెంటర్ వార్త గుర్తుందా, అది ఈ గూరోలోనే.

అక్కడ మధ్యాహ్నం పూట భవనం వెనక్కి వెళ్లి చూడండి. మెడలో గుర్తింపు కార్డులు, చలికాలమైనా పైన పలచటి కార్డిగన్, ఎందుకంటే కోటు వేసుకునేంత సమయం ఉండదు. ఇద్దరు ముగ్గురుగా వస్తారు, మాటలు తక్కువ. నాలుగైదు దమ్ముల్లో పూర్తి చేస్తారు. తర్వాత ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది: జేబులోంచి తడి టిష్యూ తీసి వేళ్లు తుడుచుకుంటారు, హ్యాండ్ క్రీమ్ రాసుకుంటారు, బట్టల మీద వాసన పోయే స్ప్రే కొట్టుకుంటారు, జుట్టు విదిలించి మళ్లీ ముడేసుకుంటారు, పుదీనా బిళ్ల నోట్లో వేసుకుని లిఫ్ట్ ఎక్కుతారు. సిగరెట్‌కి పట్టిన సమయం కన్నా దాని ఆనవాళ్లు చెరపడానికి పట్టే సమయమే ఎక్కువ.

పైన వాళ్లు చేసే పనేమిటంటే రోజంతా తిట్లు తింటూ "క్షమించండి కస్టమర్ గారూ" అనడం. గొంతులో చిరాకు వినిపిస్తే మార్కులు పోతాయి. ఎన్ని కాల్స్, ఒక్కోటి ఎంతసేపు, కుర్చీ వదిలి ఎంతసేపు అన్నీ తెర మీద నమోదవుతాయి. బాత్రూముకి వెళ్లడానికి కూడా చెప్పి వెళ్లాల్సిన చోట్లున్నాయి. అలాంటి చోట, ఒక ఘోరమైన కాల్ అయ్యాక "వెళ్లి ఒకటి తాగి రా" అని సూపర్‌వైజరే పంపుతుంది. ఊపిరి తీసుకోవడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క విరామం అది అయినప్పుడు, తాగనివాళ్లు కూడా నేర్చుకుంటారు. ఆ ఉద్యోగంలో చేరాకే మొదలుపెట్టానని చెప్పినవాళ్లు నా దగ్గరకి వచ్చినవాళ్లలో చాలామంది. మనసులో ఉన్నది దాచి మొహానికి నవ్వు పులుముకోవాల్సిన ఈ పనిని కొరియాలో భావోద్వేగ శ్రమ అంటారు. 2018 అక్టోబరులో వాళ్ల రక్షణకి చట్ట సవరణ కూడా వచ్చింది. వేధించే కస్టమర్ కాల్ నుంచి ఉద్యోగిని తప్పించాల్సిన బాధ్యత యజమానిది. చట్టం మంచిదే, కుర్చీలో కూర్చున్న మనిషి దాకా అది చేరడమే కష్టంగా ఉంది.

ఈ ఒక్క వృత్తితో అయిపోలేదు. షాపుల్లో అమ్మేవాళ్లు, హోటళ్లలో వడ్డించేవాళ్లు, బ్యూటీ పార్లర్లలో, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, వీళ్లలో తాగేవాళ్లు ఎక్కువ. చదువు, ఆదాయం తగ్గేకొద్దీ ఆడవాళ్లలో ఈ అలవాటు పెరుగుతుందని సర్వేలు పదే పదే చూపించాయి. విడాకులైనవాళ్లు, ఒంటరిగా బతికేవాళ్లు, డిప్రెషన్ ఉన్నవాళ్లు, ఎక్కువగా మందు తాగేవాళ్లలో కూడా అంతే. ఇంట్లో భర్త తాగితే భార్య తాగే అవకాశం పెరుగుతుంది. వయసు లెక్క కూడా తిరగబడింది. ఒకప్పుడు ముసలమ్మల్లో ఎక్కువ, ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ.

బరువు సంగతి వేరుగా చెప్పాలి. అక్కడ సన్నగా ఉండాలన్న ఒత్తిడి మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. నికోటిన్ ఆకలిని అణచేస్తుంది, మానేస్తే రెండు మూడు కిలోలు, ఒక్కోసారి ఇంకాస్త పెరగడం మామూలే. మానేద్దామని వచ్చిన అమ్మాయిలు ఊపిరితిత్తుల గురించి కన్నా ముందు దీని గురించే అడుగుతారు. "ఆరోగ్యం ముఖ్యమా, అందం ముఖ్యమా" అని డాక్టర్ చిరాకుపడితే ఆ అమ్మాయి మళ్లీ రాదు. బరువుకీ కలిపి ఒక పథకం చెప్పాలి.

స్వేచ్ఛకి గుర్తుగా తాగుతున్నారన్న మాట కూడా వింటుంటాం. 1990ల్లో యూనివర్సిటీల్లో ఆడపిల్లలు బహిరంగంగా సిగరెట్ తాగే హక్కు గురించి గట్టిగానే మాట్లాడారు. అందులో న్యాయముంది, ఎందుకంటే వాళ్లని కొట్టింది పొగ తాగినందుకు కాదు, ఆడవాళ్లయి ఉండి తాగినందుకు. అయితే మొదటి సిగరెట్‌కి అది కారణం కావచ్చేమో గానీ, పదేళ్లపాటు రోజూ తాగించేది మాత్రం నికోటినూ ఒత్తిడీనే. 2024 జులైలో బ్లాక్‌పింక్ అనే కొరియా పాటల బృందంలోని జెన్నీ గది లోపల ఈ-సిగరెట్ తాగిన వీడియో మీద జరిగిన గొడవ మీకు తెలిసే ఉంటుంది. పక్కన పనిచేసేవాళ్ల మీదకి పొగ వదలడం తప్పే, దానికి క్షమాపణ కూడా చెప్పారు. చర్చ మాత్రం అక్కడ ఆగకుండా, ఆడ ఐడల్, అంటే పాప్ తార, అసలు తాగొచ్చా అన్న వైపు మళ్లింది. మీ రూమ్మేట్ లాంటి అమ్మాయిలు ఆ కామెంట్లన్నీ చదువుతారు. చదివి, పెట్టెని ఇంకాస్త లోపలికి దాస్తారు.

2017లో ఐకోస్, లిల్ లాంటి వేడిచేసి తాగే పొగాకు వచ్చాక దాచడం ఇంకా సులువైంది. వాసన తక్కువ, బూడిద లేదు. ప్రమాదం పోయిందని మాత్రం అనుకోవద్దు. అందులో నికోటిన్ ఉంది, బానిసత్వం అలాగే ఉంటుంది.

దాచడం వల్ల జరిగే అసలు నష్టం డాక్టర్ ముందు బయటపడుతుంది. ఒక్క ఉదాహరణ. కొరియాలో రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలు ప్రిస్క్రిప్షన్ లేకుండా మందుల షాపులో కొనుక్కోవచ్చు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వేసుకుంటూ సిగరెట్ తాగితే రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. సిగరెట్ తాగేవాళ్లు ముప్ఫై అయిదు దాటితే ఆ మాత్రలు ఇవ్వకూడదనే అంటాం. పది మంది వరసలో నిలబడ్డ షాపులో "సిగరెట్ తాగుతారా" అని ఫార్మసిస్ట్ అడిగితే ఏ అమ్మాయి అవునంటుంది? మీ రూమ్మేట్ ఆ మాత్రలు వాడుతుంటే ఈ ఒక్క సంగతీ తనకి తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట. కొరియాలో ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చే ఆడవాళ్లలో అత్యధికులు జీవితంలో ఎప్పుడూ సిగరెట్ ముట్టనివాళ్లు. వంట పొగ మీద ఇప్పుడు గట్టిగా దృష్టి పడింది. పెద్ద పెద్ద మూకుళ్లలో వేపుళ్లు చేసిన బడి వంటమనిషికి వచ్చిన కేన్సర్‌ని 2021లో పని వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించారు. అలాంటి ఆవిడకి కేన్సర్ వచ్చిందనగానే చుట్టాలు "దొంగచాటుగా తాగేదేమో" అని గుసగుసలాడతారు. తాగేవాళ్ల మీద వేసిన ముద్ర తాగనివాళ్లని కూడా వదల్లేదు.

ఇక మీరు చేయగలిగింది. మాన్పించాలని మీద పడకండి. వాళ్లమ్మకి చెబుతానని సరదాకి కూడా అనకండి. పెట్టె దాచమని మీకిచ్చిందంటే, ఆ ఇంట్లో నిజం తెలిసిన ఒక్క మనిషి మీరే. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవద్దు. తాగి లోపలికి వచ్చినప్పుడు, "ఇవాళ పని ఎలా అయింది" అని అడగండి. మానేద్దామనుకుంటున్నానని తనే ఏదో రోజు అంటుంది, చాలామంది అంటారు. ఆ రోజుకి ఈ వివరాలు మీ దగ్గర ఉండాలి.

ప్రతి గూ, అంటే నగరంలోని ఒక్కో జిల్లా, ఆఫీసు పరిధిలోనూ బొగన్సో అని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంటుంది. అక్కడ సిగరెట్ మాన్పించే క్లినిక్ ఉచితం. నికోటిన్ ప్యాచీలు, గమ్ కూడా వాళ్లే ఇస్తారు. ఎవరికంటా పడకూడదనుకుంటే 1544-9030కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ కేన్సర్ కేంద్రం నడిపే లైన్. మొహం చూపించనక్కర్లేదు కాబట్టి ఆడవాళ్లకి ఫోనే నయమని నేను చాలామందికి చెప్పాను. మామూలు క్లినిక్‌లో డాక్టర్ దగ్గరకి వెళ్తే 2015 నుంచి ఆరోగ్య బీమా సంస్థ పథకం ఉంది. మూడోసారి నుంచి డబ్బు కట్టక్కర్లేదు, కోర్సు పూర్తిచేస్తే మొదట కట్టింది కూడా తిరిగి ఇస్తారు.

మందు విషయంలో ఒకటి గుర్తుంచుకోమనండి. ఆడవాళ్ల ఒంట్లో నికోటిన్ త్వరగా ఖర్చయిపోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇంకా త్వరగా. అందుకే ఒక్క ప్యాచీ మాత్రమే అంటించుకుంటే మగవాళ్లకి పనిచేసినంతగా వీళ్లకి పనిచేయదు. ప్యాచీతో పాటు గమ్ కలపాలి, లేదా వరెనిక్లిన్ మాత్రల గురించి డాక్టర్‌ని అడగాలి. ప్యాచీ వేసుకున్నా ఆగలేకపోయానని, తనలో పట్టుదల లేదని ఏడ్చిన అమ్మాయిలకి మందు మార్చగానే మూడు నెలల్లో మానేయడం నేను చూశాను. ఒకసారి ప్రయత్నించి వదిలేశానని మీ రూమ్మేట్ చెబితే, అప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు వాడిందో కనుక్కుని ఇక్కడే రాయండి. తర్వాత ఏం చేయాలో దాన్ని బట్టి చెబుతాను.